ఎలుక కొరికిన వెన్ను

మా మేనత్త మొన్న మంగళవారం పోయింది. కబురు తెచ్చినవాడు, "ఆ చెయ్యి వంకర ముసలామె పోయినాది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ చెయ్యి ఎందుకు వంకరపోయిందో వాడికేం తెలుసు? మీకైనా చెప్పాలి.

మేం యానాదులం. కోట ఊరి పక్క పల్లెల్లో వరి కోతకొచ్చిందంటే చేలో ఎలుకలు పట్టేది మేమే. మేనత్త కలుగు నోట్లో కుండ పెట్టి గడ్డి పొగ ఊదేది. పట్టిన ఎలుకలు కూరకి, కలుగులో అవి దాచుకున్న వరి వెన్నులు కూలికి. తాతలనాటి కట్టుబాటు అది. చెయ్యి దూర్చేముందు నన్ను వెనక్కి నెట్టి, "కలుగు మొహం చూడు మే. కొత్త మన్ను లేదంటే లోపల పామే" అనేది.

అరవైల్లో మేం ఎలుకలు పట్టే పొలం ఒకటి చేతులు మారింది. కొత్త ఆసామికి ఈ కట్టుబాటు తెలియదు. మా గుడిసెలో వెన్నులు చూసి దొంగతనమన్నాడు. మమ్మల్ని దొంగల జాతిగా రాసిన దొరల చట్టం అప్పటికే పోయింది. దెబ్బలు పోలేదు. మేనత్త మొగుణ్ణి, మా మామని, తాటిచెట్టుకు కట్టేసి ముల్లుకర్రలతో బాదారు. మోకాలిచిప్ప పగిలిన చప్పుడు నేను విన్నాను.

మేనత్త పరుగున వెన్నులు తెచ్చి ఆసామి ముందు పోసింది. "కొడవలి కోత గాదు సామీ! ఎలక కొరికినాది. పంటి గాట్లు చూడు! ఆయన్ను ఇప్పు సామీ!"

"అట్లయితే ఈ కలుగులోనుంచి తీసి చూపియ్యి. అప్పుడు ఇప్పిస్తా" అంటూ ఆసామి గట్టు కిందున్న కలుగొకటి చూపించాడు.

కలుగు అంచు నున్నగా ఉంది. కొత్త మన్ను లేదు. నాకే తెలిసింది, ఆమెకు తెలియదా? ముల్లుకర్ర మళ్లీ లేచింది. మేనత్త భుజం దాకా చెయ్యి దూర్చింది. కెవ్వుమంది. చెయ్యి బయటికొస్తే పిడికిట్లో వెన్నులు, మణికట్టుకు రక్తపింజరి. దాన్ని గట్టుకేసి కొట్టి చంపి, వెన్నులు ఆసామి ముఖాన విసిరింది.

"ఎలకదే లే. ఇప్పండి" అన్నాడు ఆసామి, అదేదో చిన్న పొరపాటైనట్టు.

మామ మూడోనాడు పోయాడు. ఆమె చావు తప్పించుకుంది గానీ, పాము కరిచిన ఆ చెయ్యి వంకరపోయింది. ఇప్పటికీ ఎవరైనా "మీ జాతి" అని నోరు తెరిస్తే నేను లేచి నిలబడతాను. ఆ పొగరు ఆమె పెట్టిన భిక్షే.

మరుసటేడు చేలో ఎలుకలు విరగబడ్డాయి. ఆసామే మా గుడిసెకొచ్చాడు. "రామ్మే, వెన్నులన్నీ నువ్వే తీసుకో."

"వస్తా సామీ" అంది. అన్నట్టే వెళ్లి గట్టుమీద చతికిలబడింది. పొద్దు వాలుతుంటే ఎలుకలు గుంపులుగా బయటికొచ్చాయి. వెనక ఆసామి గొంతు చించుకుంటున్నాడు. ఆమె వినిపించుకోలేదు. ఒక్కో వెన్నూ నేలకొరుగుతుంటే తృప్తిగా చూస్తూ కూర్చుంది.