కుండ కింద చిక్కుడు మొలక

నా చిన్నప్పుడు ఒక వేసవిలో సూర్యుడంటే నాకు పగ పుట్టింది. మాది పర్చూరు దగ్గర పల్లె. మిరపకాయ కోతకు వెళ్ళిన మా అమ్మ మిట్టమధ్యాహ్నం చేలోనే పడిపోయింది. తోటి కూలీలు మంచం మీద మోసుకొచ్చారు. ముట్టుకుంటే ఒళ్ళు కాలిపోతోంది, పిలిస్తే పలకలేదు. వడదెబ్బ అన్నారు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాక బతికి బయటపడింది కానీ, ఆ భయం నన్ను వదల్లేదు. కాస్త ఎండ కనబడితే తలుపులు మూసేసేదాన్ని. సూర్యుడు ఆరిపోతే బాగుండునని పక్కింటి అక్కతో అన్నాను.

టీచరు ట్రైనింగు చదువుతున్న ఆ అక్క నన్ను కోప్పడలేదు. మా పెరట్లో అప్పుడే ఆకులు విప్పిన చిక్కుడు మొలకలు రెండుంటే, ఒకదాని మీద పగిలిన పాత కుండ బోర్లించింది. దీనికి ఇక ఎండ బాధ లేదులే అంది. నాకెంత సంతోషమో! కుండ మాత్రం ఎత్తవద్దంది కాబట్టి, రోజూ దాని చుట్టూ నీళ్ళు పోసి వచ్చేదాన్ని.

కొన్నాళ్ళకు అక్కే వచ్చి కుండ తీసింది. మొలక తెల్లగా పాలిపోయింది. నిలబడే సత్తువ లేక నేల మీద వాలి, దారప్పోగులా సాగి, కుండ పగులు దాకా పాకింది. ఆ సందులో వెలుతురు తగిలిన ఆకు కొస ఒక్కటే పచ్చగా ఉంది. ఎండలో ఉన్న రెండో మొలకేమో పందిరి అందుకోబోతోంది.

"రోజూ నీళ్ళు పోశాను కదక్కా?" అన్నాను ఏడుపు గొంతుతో.

"నీళ్ళొక్కటే చాలవే. చెట్టు తన అన్నం వెలుతురుతోనే వండుకుంటుంది. అది వండుకున్నదే మనమూ తినేది. ఎండ లేకపోతే చేలో మిరప లేదు, కంచంలో అన్నం లేదు, గేదెకు గడ్డి లేదు, నీకు పాలూ లేవు."

మా అమ్మను పడగొట్టిన ఎండే మా అందరికీ అన్నం పెడుతోందంటే నమ్మలేకపోయాను. మరి అమ్మకెందుకలా అయిందని అడిగాను. నడినెత్తిన ఎండ పెట్టుకుని, గుక్కెడు నీళ్ళు తాగే తీరిక లేకుండా పని చేయించారు, అది మనుషుల తప్పు అంది అక్క.

ఇప్పుడు నా తల నెరిసింది. రోహిణి కార్తె ఎండల్లో అందరూ సూర్యుణ్ణి తిడుతుంటే, నేను తలకు చెంగు కప్పుకుని, ఇన్ని మజ్జిగ నీళ్ళు తాగి నీడకు పోతాను. ఒక్క మాట అనడానికి మాత్రం నోరు రాదు. చీకట్లో దారి వెతుక్కుంటూ పాకిన ఆ మొలక కళ్ళ ముందుకొస్తుంది.