నాపరాయి మీద కృష్ణ

ఈరోజు బుధవారం. మా ఊరి బడిలో ఐదో తరగతి చెప్పే టీచరమ్మ సోమవారం పొద్దున గుండె ఆగి చనిపోయింది. దుఃఖం తడి ఇంకా ఆరలేదు. అయినా ఇప్పుడే రాస్తున్నాను. శనివారం బడి కమిటీ కూర్చుని, ఆమె గదిలో టైల్స్ పరిచే సంగతి తేల్చేస్తుంది.

ఆ గది గోడకు పెద్ద డిజిటల్ తెర వచ్చింది. కింద మాత్రం పాత నాపరాళ్లే. టీచరమ్మ ఆ నేలనే పిల్లలకు తలా ఒక రాయి చొప్పున పంచింది. తెర మీద పాఠం చూపించి, ఆర్పేసి, "ఇప్పుడు చూసింది మీ రాయి మీద వెయ్యండి" అనేది. పిల్లలు సుద్దముక్కలతో నేల మీదకు వంగితే, వాళ్ల గీతలు తొక్కకుండా చెప్పుల్లేని కాళ్లతో తిరిగేది.

నా మనవరాలు వినుకొండలో చదివి ఇక్కడికి వచ్చిన కొత్త. ఒకరోజు దానికి క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. కృష్ణానది పాఠం. దాని రాయి మీద నది వానపాములా ఉంది. అది రెండు వేళ్లు రాతికి ఆనించి, ఫోన్లో బొమ్మను సాగదీసినట్టు సాగదీసింది.

"ఏమే, సాగిందా?" అందొక పిల్ల. గది గొల్లుమంది.

"నవ్వమాకండి. పెద్దది కావాలంటే చెరిపి పెద్దగా గియ్యి అమ్మాయ్" అంది టీచరమ్మ.

మనవరాలు గీస్తూ గీస్తూ పక్కపిల్ల రాయి మీదకు పోయింది.

"టీచర్, నా రాయి మీదకొచ్చింది!"

"కృష్ణ నీ రాయి చూసుకుని ఆగుద్దా? నువ్వందుకో."

అలా ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ నదిని గుమ్మం దాకా తెచ్చారు. సముద్రానికి దారివ్వమని నన్ను పక్కకు జరిపారు.

"తెర చూపిస్తది, రాయి అడుగుద్ది" అనేది ఆమె. తెరంటే ఆమెకు కోపం లేదు. నాకూ లేదు.

ఆమెను మట్టి చేసి సమాధుల తోట నుంచి వస్తూ కమిటీ ఛైర్మన్ అన్నాడు: "పెద్దమ్మా, అంత తెర పెట్టి కింద ఈ బండలేంది? ఆమె ఉన్నన్నాళ్లూ టైల్స్ పడనీలేదు. ఇక అడ్డెవరు?"

"నేనున్నాగా. నున్నటి టైల్ మీద సుద్ద పడుద్దా?"

"తెరుండగా సుద్దెందుకు? చూస్తే చాలదా?"

"ఒరేయ్, ఈత వీడియో చూసినోణ్ణి కాలవలోకి తోస్తావా?"

కనుక ఇక జరగవలసినవి:

1. ఐదో తరగతి తల్లిదండ్రులందరూ శనివారం రావాలి. వాట్సాప్ గ్రూపులో దండం బొమ్మ పెడితే వచ్చినట్టు కాదు.
2. తెర ఉంటుంది, రాళ్లూ ఉంటాయి అని తీర్మానంలో రాయాలి.
3. కొత్త టీచరుకు ముందు నేల చూపించాలి, తర్వాత స్విచ్చి.
4. అయినా టైల్స్ లారీ వస్తే, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని, ఒళ్లో చేటతో మిరపకాయల తొడిమలు తీసుకుంటూ నేను కనిపిస్తాను.