ప్లగ్గు లేని గోల

పిచిక వాళ్ళ బాబాయికి ఈ లోకంలో గిట్టనిది ఒక్కటే, గుయ్యిమనే శబ్దం. ఎవరింటికి వెళ్ళినా చెప్పులు విప్పుతూనే చెవి రిక్కించి, "ఎక్కడో గుయ్యిమంటోంది" అనేవాడు. ఇంకెవరికీ వినిపించేది కాదు. ఇక ఆయనకు కాఫీ వద్దు, కుశలప్రశ్నలు వద్దు. ఆ ఇంట్లో ప్లగ్గులన్నీ ఒక్కొక్కటే పీకుతూ పోవాల్సిందే.

ఒక్కొక్కటే అన్నది ఆయనకు వేదవాక్కు. "రెండు ఒకేసారి పీకితే దొంగ ఎవడో ఎలా తెలుస్తుంది?" అనేవాడు. ఈ దొంగల వేటలో ఫ్రిజ్ ప్లగ్గు పీకి మర్చిపోతే ఇంట్లో పాలు విరిగాయి. పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూడా పైనున్న దీపంకేసి వేలు చూపించాడు. డాక్టరు అది నొప్పి అనుకుని ఇంకో ఇంజెక్షన్ పొడిచాడు. "నేను కాస్త గట్టిగా ఊపిరి పీల్చినా అనుమానంగా చూస్తారమ్మా! నాకే ప్లగ్గుంటే ఏనాడో పీకేసేవారు" అని పిన్ని వాపోయేది.

అలాంటి మనిషిని పిచిక తనంతట తానే పిలిచిందంటే ఎంత గతిలేక పిలిచిందో ఊహించుకోండి. ఆ పిల్ల బేస్ గిటారు వాయిస్తుంది. సాయంత్రమే వాళ్ళ బృందానికి మొదటి కచేరీ. గిటారు గొంతును బొంగురుగా మార్చడానికి కాలితో తొక్కే ఇనప డబ్బా ఒకటుంది, పెడల్ అంటారు. కొన్నాళ్ళుగా దాన్ని తొక్కితే చాలు, పాట కంటే ముందే గుయ్యిమంటోంది. "సాయంత్రంలోపు అది ఆగకపోతే నీ బదులు వేరేవాళ్ళని పిలుస్తా" అని గాయకుడు తేల్చి చెప్పేశాడు. ఆ మాట విన్నప్పటినుంచి పిచికకు అన్నం సహించడం లేదు, తీగమీద వేలు నిలవడం లేదు.

బాబాయి సంచీ తగిలించుకుని సాధన గదికి వచ్చాడు. ముందుగా గిటారు నుంచి పెడల్‌కి వెళ్ళే వైరు పీకి, తన వైరు పెట్టాడు. పిచిక భయంభయంగా పెడల్ తొక్కింది. గుయ్యిమనడం వినిపించలేదు. ప్రాణం లేచొచ్చింది.

"అబ్బే, ఇంకా ఉంది" అన్నాడు బాబాయి కళ్ళు మూసుకుని.

"నాకేం వినపడటం లేదు బాబాయ్!"

"సన్నగా ఉందే."

పొద్దుట్నుంచీ పిచిక నెత్తిమీదే నిలబడి, ప్రతి స్వరానికీ నిట్టూరుస్తున్న గాయకుడికి ఈ మాటతో కంగారు పుట్టింది. తనకు చెవి లేదనుకుంటారేమోనని, "అవునవును, నాకూ వినిపిస్తోంది" అనేశాడు.

ఇక వేట మొదలైంది. కీబోర్డు ప్లగ్గు ఊడింది. "వాయించమ్మా... ఆఁ, ఉంది." మూలనున్న దీపం ఆరింది. "మళ్ళీ మొదట్నుంచి... ఊహూఁ, ఉంది." తర్వాత ఫ్యాను. కిటికీలు కూడా లేని గది. గాయకుడికి చెమటలు ధారలు కట్టాయి.

"అంకుల్, కాస్త ఫ్యాను పెట్టండి!"

"ఒక్క నిమిషం బాబూ, దొంగ దగ్గర్లోనే ఉన్నాడు."

గాయకుడు ఉండలేక వరండాలోకి పరిగెత్తాడు. కచేరీ టైము ముంచుకొస్తోంది. "అయిపోయింది బాబాయ్, నన్ను తీసేస్తారు" అని పిచిక ఏడుపు గొంతుతో అంది. "శబ్దం సంగతి నాకొదిలెయ్. నువ్వు వాయిస్తూ ఉండు" అంటూ బాబాయి పాటంతా మళ్ళీ మళ్ళీ వాయించమన్నాడు. లేని శబ్దం కోసం చెవులు రిక్కించి, పిచిక తన వేళ్ళ సంగతే మర్చిపోయింది. ఎప్పటికో బాబాయి చొక్కా పిండుకుంటూ "దొరికింది, పద" అన్నాడు. ఏం దొరికిందో మాత్రం చెప్పలేదు.

సాయంత్రం వేదికమీద పిచిక పెడల్ తొక్కింది. గిటారు గంభీరంగా పలికింది, గుయ్యిమన్న పాపాన పోలేదు. పాట మధ్యలో గాయకుడే వెనక్కి తిరిగి భేష్ అన్నట్టు తలూపాడు.

కచేరీ అయ్యాక పిచిక వైర్లు చుట్టుకుంటూ, "ఇంతకీ దొంగ ఎవరు బాబాయ్?" అని అడిగింది.

బాబాయి సంచీలోంచి ఆమె పాత వైరు తీసి చూపించాడు. కొసన టంకం ఊడిపోయి ఉంది. "ఇదే. పెడల్ పాపం ఏం చేస్తుంది? ఇది గొణిగింది, అది అరిచింది. వైరు మార్చగానే పోయింది."

"మరి ఉంది ఉంది అంటూ నా ప్రాణాలు తోడేశావెందుకు?"

"వైరు బాగైంది గానీ, నీ చేతులు వణుకుతూనే ఉన్నాయి కదే. నెత్తిమీద ఆయనగారు అలా నిట్టూరుస్తుంటే ఎవరికి మాత్రం వణకవు?" బాబాయి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ గదిలో అసలు గోల ఆయనదే. ఏం చెయ్యను మరి, ఆయనకి ప్లగ్గు లేదు. అందుకే ఫ్యాను పీకా."