ఒక్క పిట్ట కోసం

టూరిస్టు బస్సు డ్రైవరుకు స్పానిష్ పిచ్చి పట్టింది. గైడు ఉద్యోగం కావాలి మరి. కనిపించిన గుంపుకల్లా ఆ భాషలో పేరు పెడతాడు. తాళంచెవుల గుత్తి గలగలలాడించి ‘మనోహో’ అంటాడు. తీగ మీద పిట్టలు వాలితే ‘బందాదా’. ‘నీ బందాదా బంగారంగానూ, ముందు తిను’ అని భార్య విసుక్కుంటుంది. కానీ ఒక్క పిట్ట ఎడంగా ఉన్నా నోరు విప్పడు. అదీ వచ్చి కలిసేదాకా మెడ చాచి చూస్తాడు.

గైడు పరీక్షలో మేడం పిట్టల బొమ్మ చూపించి, స్పానిష్‌లో ఈ గుంపునేమంటారని అడిగింది. మనవాడు మెడ చాచి బొమ్మ మూలకే చూస్తున్నాడు.

“రాదా?”

“వచ్చు మేడం. ఆ మూలన ఒకటి విడిగా ఉంది కదండీ. దాన్నొదిలేసి గుంపంటే ఎలా?”

“బొమ్మలో పిట్ట ఎగిరొస్తుందేమిటయ్యా!” ఆవిడ పకపకా నవ్వింది. “బస్సు దగ్గరా ఇంతేనా?”

“ఆఖరి మనిషి ఎక్కందే గేరు వెయ్యనండి.”

ఆవిడ నవ్వు ఆగిపోయింది. అతని ముఖం వంక ఓసారి చూసి, “సోమవారం గైడుగా రండి” అంది.