మెరుగు ఎనిమిది, నమ్మకం పది

మా అమ్మాయి పదో తరగతి మధ్యలో బడి మానేసింది. తర్వాత తల దువ్వుకోవడం, మాతో కలిసి తినడం, చివరికి మాట్లాడడం ఒక్కొక్కటిగా మానుకుంటూ వచ్చింది. ప్రతి గురువారం మా ఆండర్సన్‌పేటలో బస్సెక్కి కోలారులో ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళం. పిల్ల లోపల ఉన్నంతసేపూ బయట మా చేతికొక కాగితం ఇచ్చేవారు. ఈ వారం పిల్ల ఎంత మెరుగైంది, ఈ చికిత్స మీద మీకెంత నమ్మకం ఉంది, రెంటికీ పదికి ఇన్నని మార్కులు వేయాలి.

బంగారు గని మూతపడేదాకా నేను, కూలీలు లోపలికి దిగే షాఫ్టు దగ్గరి ఆఫీసులో గుమాస్తాను. ఫ్యాను కింద కూర్చుని పాతాళం సంగతులు రాసిన ఘనుణ్ణి. షిఫ్టు రిపోర్టులో 'అంతా క్షేమం' అనే రాయాలి. ఇంకేం రాసినా పైనుంచి సంజాయిషీ అడుగుతారు. మనిషిని స్ట్రెచరు మీద తెస్తే తప్ప, లోపల రాళ్ళు రాలినా క్షేమమే. ఈ కాగితాన్నీ ఆ చెయ్యే నింపింది. మెరుగు ఎనిమిది, నమ్మకం పది. తక్కువ వేస్తే డాక్టరమ్మ చిన్నబుచ్చుకుంటుందని, పిల్లను ఇంట్లో ఎలా చూస్తున్నారని నిలదీస్తుందని భయం. అది నమ్మకం కాదు, నిజం అమ్మకం. ఉండేది ఉండేట్టు రాయమని నా భార్య మెల్లగా అంది. రాత సంగతి నాకు నేర్పొద్దన్నాను.

లోపల పిల్ల పెదవి విప్పేది కాదట. అందుకని డాక్టరమ్మ మా కాగితాలనే నమ్ముకుంది. రెండు నెలలకు మమ్మల్నీ లోపలికి పిలిచి, వాటన్నిటినీ పిల్ల ముందే బల్ల మీద పరిచి, ఇక నెలకొకసారి వస్తే చాలని సంతోషంగా చెప్పింది. పిల్ల ఆ అంకెల వంక చూసింది. బస్సులో నా పక్కన కూర్చుని అడిగింది.

"బాగయినానని నువ్వే రాసినావా నాయనా?"

తలూపాను.

"వచ్చే వారం ఆమెకి అంతా చెప్దామనుకుంటి."

ఆ రోజు నుంచి గదిలో గడియ పెట్టుకుంది. మేము లేనప్పుడే బయటికి వచ్చేది. గడప దగ్గర పెట్టిన అన్నం ఒకరోజు సగం, ఒకరోజు అంతా అలాగే మిగిలిపోయేది. ఆ తర్వాత రెండో గురువారం నేనొక్కణ్ణే కోలారు వెళ్ళాను. రాసినవన్నీ అబద్ధాలని చెప్పాను. డాక్టరమ్మ కోప్పడలేదు. ప్రతి వారం మళ్ళీ రమ్మని కొత్త కాగితం ఇచ్చింది. మెరుగుకు ఒకటి వేశాను. నమ్మకం దగ్గర కలం ఆగిపోయింది.

ఇంటికొచ్చి, మూసిన తలుపు ముందు కూర్చుని చెప్పాను.

"నిజం చెప్పేసి వచ్చినానమ్మా. ఈసారి ఒకటి వేసినాను."

తలుపు అవతలి నుంచి పిల్ల గొంతు వినిపించింది.

"ఒకటి యాడుండాది నాయనా? సున్నా."

"సరేమ్మా, సున్నానే," అన్నాను. పిల్ల తలుపు తీయలేదు.