శాంపిల్‌కు పసుపు పట్టించిన రోజు

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తలో బస్సు సీట్లో తప్ప మంచం మీద సరిగ్గా నిద్రపోయిన గుర్తు లేదు నాకు. కోళ్ళ మేతలో మందులకు బదులు పసుపు కలిపితే, అది మాంసంలో ఎంత మిగులుతుందో చూడటం మా ల్యాబు పని. చూసేది హైదరాబాదులో కూర్చున్న పెద్దసారు. నారాయణఖేడ్‌లో గది అద్దెకు తీసుకుని, మనూర్ దాకా షేర్ ఆటోల్లో ఊగుతూ వెళ్ళి, మాంసం మోసుకొచ్చేది నేను. (చదివింది ఎమ్మెస్సీ. వీధిలో నా పేరు చికెన్ మేడమ్.) అంతకుముందు ఎండకు ఐసు కరిగి ఒక శాంపిల్ కుళ్ళిపోయింది. "ఈసారి పాడైతే నువ్విక రానక్కర్లేదు" అన్నారు సారు. ఇంటి దగ్గర తమ్ముడి చదువు నా జీతం మీదే నడుస్తోంది.

ఆ రోజు పసుపు మేత తిన్న కోడి మాంసం ఒక సంచిలో, తినని కోడిది ఇంకో సంచిలో వేసి ఐసు పెట్టెలో తెచ్చాను. హైదరాబాదు బస్సు ఎంతకీ రాదు, ఐసేమో ఆగదు. పెట్టెను నాకు గది అద్దెకిచ్చిన ఇంటామె దగ్గర ఉంచి ఐసు కోసం బజారంతా తిరిగాను. కాళ్ళీడ్చుకుంటూ వచ్చేసరికి ఆమె గడపలో కూర్చుని చేతులు కడుక్కుంటోంది. ఆ చేతులు పచ్చగా ఉన్నాయి.

"ఇగ ఫికర్ జెయ్యకు బిడ్డా. ఐసంత నీళ్లయింది. ఖరాబైతదని రెండు సంచులదీ కడిగి, ఉప్పు, పసుపు పట్టిచ్చిన."

"పసుపా! ఎంత?"

"మస్తుగ పెట్టిన. నీ కాడ పీనాసితనం జేస్తనా?"

ఏడుపొచ్చేసింది. అక్కడే కూలబడి సారుకి ఫోను చేశాను. ఆయన అరుపులు గడప దాకా వినిపించాయి. ఆమె తడిచేత్తోనే ఫోను లాక్కుంది.

"ఏంది సారూ, పిల్లని గట్ల పరేషాన్ జేస్తున్నవ్? మాంసం ఖరాబ్ గాలే. కావాల్నంటే నువ్వే వచ్చి వాసన జూస్కో!"

నేనూ ఆ ఫోనుకి చెవి ఆనించాను. (పాడైతేనే కదా నన్ను రావద్దన్నది, ఇది పాడు కాలేదుగా!) చివరికి సారు నీరసంగా, "సరేనమ్మా, రేపు మళ్ళీ తెమ్మనండి" అన్నారు. ఆ సాయంత్రం రెండు కోళ్ళూ ఒకే గిన్నెలో ఉడికాయి. ఏ ముక్క ఏ కోడిదో కనిపెట్టే ఓపిక కూడా లేదు, తిని పడుకున్నాను.

ఇప్పుడు సారు కుర్చీలో నేనున్నాను. నాగల్‌గిద్ద నుంచో కల్హేర్ నుంచో ఏ పిల్లో ఫోను చేసి "మేడమ్, ఐసు కరిగిపోయింది" అంటుంది. పొద్దుటినుంచీ అలసిపోయి ఉంటానేమో, నేనూ అచ్చం సారులాగే అరుస్తాను. అరిచాక ఒక్క క్షణం ఆగుతాను, అవతల ఎవరైనా ఆ ఫోను లాక్కుంటారేమోనని. ఎవరూ లాక్కోరు. ఇక నేనే గొంతు తగ్గించి, "సరేలేమ్మా, రేపు మళ్ళీ తీసుకురా" అంటాను.