నల్లా దగ్గర నా గొంతు

దయ్యాలున్నాయంటే నేను నమ్మను. ఇప్పటికీ నమ్మను. బొంబాయి కామాటిపురలో, ఒక్కో గదిలో ఒక్కో సంసారం ఉండే చాల్‌లో పుట్టి పెరిగినదాన్ని. మనుషులతో కొట్లాడటానికే పొద్దు చాలేది కాదు, ఇక దయ్యాలకు తీరిక ఎక్కడిది? ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు కడుపునిండా అన్నం పెట్టండి, అదే పోతుంది అనేదాన్ని.

ఇది నోటితో చెప్పాల్సిన సంగతి. నేను చెప్తే సగం మాటలు ఎదుటివాళ్ళకు అందవు. మునిసిపాలిటీ బడిలో నేర్చుకున్న నాలుగు తెలుగు ముక్కలు ఉన్నాయి కనుక రాస్తున్నాను.

ఎనభైల్లో మాట. నా నాలుక పక్కన పుండు లేచింది. పెళ్ళయిన కొత్తలో మా అత్త నాకు మిస్రీ అలవాటు చేసింది. పొగాకు మాడ్చి నూరి పళ్ళకు రుద్దుకునే పొడి అది. పళ్ళు గట్టిపడతాయంది. ఆమె పళ్ళు కాటికి పోయేదాకా గట్టిగానే ఉన్నాయి. పోయింది నా నాలుక.

పుండు మానలేదు, మాట ముద్దగా రాసాగింది. ఆసుపత్రిలో డాక్టరు కేన్సర్ అన్నాడు, నాలుక సగం కోసెయ్యాలన్నాడు. మళ్ళీ మాట్లాడతానా అని అడిగితే, ముందు బతకాలి కదా అన్నాడు. అదీ ఒక జవాబేనా? ఆయన నాలుక ఆయన నోట్లో భద్రంగా ఉంది మరి.

చావంటే నాకంత భయం లేదు. భయమంతా మాట పోతుందనే. మా ఆయన నర్సింలు ఇళ్ళు కట్టే పనిలో కూలి, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. ఇంట్లో ఉన్న ఒక్క నోరు నాదే. నీళ్ళు తెచ్చినా, న్యాయం తెచ్చినా ఆ నోటితోనే తెచ్చాను.

మా చాల్‌లో కింద ఒకటే నల్లా. పొద్దున నీళ్ళు రాకముందే ఆడవాళ్ళందరూ బిందెలు వరుసలో పెడతారు. ఎవరి బిందె ఎక్కడుంటే వాళ్ళ వంతు అక్కడ, రోజూ అదే చోటు. ఒకరి బిందె ఇంకొకరు ముట్టరు. ఆ ఇంటి ఆడమనిషి చచ్చిపోతే తప్ప వరుసలోంచి బిందె తియ్యరు. నాది సొట్టపడిన ఇత్తడి బిందె, వరుసలో రెండోది. ఆసుపత్రిలో చేరేముందు మా ఆయనకు మరీ మరీ చెప్పాను, నేను వచ్చేదాకా దాన్ని అక్కడి నుంచి కదలనివ్వద్దని.

వార్డులో చూడటానికి వచ్చినవాళ్ళు శవం దగ్గర కూర్చున్నట్టు కూర్చునేవారు. దేవుడున్నాడు అని నిట్టూర్చి అరటిపండ్లు పెట్టి పోయేవారు. నాలుక కోస్తారన్నదానికి అరటిపండ్లు! ఎవరో రామనామం చెప్పుకోమన్నారు. చెప్పుకున్నాను. రామా అంటున్నా వణుకు తగ్గలేదు. అప్పుడు మనసులోనే నల్లా దగ్గరికి వెళ్ళేదాన్ని. ఎవరి బిందె తర్వాత ఎవరిది, ఎవరు మధ్యలో దూరతారు, ఎవర్ని ఏమని కడిగెయ్యాలి, అన్నీ తలుచుకునేదాన్ని. ఒక్కొక్కరినీ తిట్టుకుంటూ పోతే వణుకు ఆగేది. ఆపరేషన్ దాకా రోజులు అలాగే నెట్టాను.

రేపు ఆపరేషన్ అనగా మా ఆయన వచ్చి, ఏమీ కానట్టు చెప్పాడు. "పక్కింటి సాయమ్మ నీ బిందె తీసి గోడకు పెట్టింది. ఆమెది ఆడ పెట్టుకుంది."

"నువ్వేమన్నవు?"

"ఏమంట? ఊకున్న."

నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. బతికుండగానే నన్ను వరుసలోంచి తీసేశారు. ఆ తర్వాత ఇక భయం లేదు, ఒళ్ళంతా మంటే.

పొద్దున లోపలికి తీసుకెళ్ళి ముక్కుమీద మత్తు తొడుగు పెట్టారు. హిందీలో అంకెలు లెక్కపెట్టమన్నారు. నేను బిందెలు లెక్కపెట్టాను. రెండో చోటుకు వచ్చేసరికి సాయమ్మ బిందె కనబడింది. "నేనింక సావలేదే సాయమ్మా, నా జాగల నీ బిందె ఎట్ల పెడ్తవే?" అని లోపల్నుంచి తన్నుకొచ్చింది. నోటిదాకా రాలేదు. ఆ తర్వాత నాకేమీ తెలియదు.

మెలకువ వచ్చేసరికి ముక్కులో గొట్టం, మెడమీద కుట్లు, నోట్లో ఎవరిదో మాంసం కుక్కినట్టు ఉంది. కొన్నాళ్ళకు సాయమ్మ వచ్చింది. కూర్చోలేదు. మంచం ఇనుపకమ్మి పట్టుకుని నిలబడింది.

"అక్కా, జర మాఫ్ చెయ్యి. నీ బిందె మల్ల ఆడనే పెట్టిన."

"నీ ఆపరేషన్ అయిన పొద్దున నల్లా దగ్గర నా ఎనక నిలవడి తిట్టినవు" అంది. ఏమని తిట్టానో కూడా చెప్పింది. అవే మాటలు. ఒక్కటి మారలేదు.

"తిరిగి చూస్తె ఎవ్వరు లేరక్కా. నాకొక్కదానికే కాదు, ఆడున్నోళ్ళందరికీ ఇనవడ్డది."

మా ఆయన వైపు చూశాను. ఆయన ఆ రోజంతా ఆపరేషన్ గది బయటే ఉన్నాడు. అయినా ఆ మాటలు ఆయనకూ తెలియవు. నేను ఎవరికీ చెప్పలేదు, అప్పటికి చెప్పే నోరూ లేదు.

ఇంటికొచ్చాక మిగతా ఆడవాళ్ళను విడివిడిగా అడిగించాను. అందరిదీ ఒకటే మాట. ఇంకో సంగతి కూడా చెప్పారు. వాళ్ళు విన్నది అంతకుముందు కొన్ని నెలలుగా ముద్దగా వస్తున్న నా మాట కాదు. జబ్బు రాకముందటి పాత గొంతు, ఖంగుమని.

సాయమ్మ తప్పు చేసి బెదిరి, లేనిది విన్నదనుకుందాం. మిగతావాళ్ళు ఏ తప్పు చేశారని విన్నారు? ఎవరో నా గొంతు అనుకరించారనుకుందాం. నా మనసులో మాట వాళ్ళకెలా తెలిసింది? ఎన్ని రకాలుగా తిప్పి చూసినా నాకు అంతుపట్టలేదు.

గంజి మింగడం పసిపిల్లలా మళ్ళీ నేర్చుకున్నాను. ఆసుపత్రిలో ఒకామె అద్దం ముందు కూర్చోబెట్టి ట, ర, ల అనిపించేది. అక్షరాలతో విసుగొచ్చి తిట్లతో సాధన చేశాను. సగమే వచ్చాయి. నేను మాట్లాడితే పిల్లలు నవ్వుతారు. పెద్దవాళ్ళు అర్థం కాకపోయినా తల ఊపుతారు. ఆ తల ఊపడమే నాకు ఎక్కువ మంట.

నా బిందె ఇప్పుడు ఎవరూ ముట్టరు. సాయమ్మ తానే నింపి పైకి తెస్తానంటుంది. భయపడి పట్టే నీళ్ళు నాకెందుకు? మెడ లాగుతున్నా నేనే దిగి, నేనే మోసుకుంటాను.

బతికావు, అదృష్టవంతురాలివి అంటారు అందరూ. అవును, బతికాను. కానీ ఆ పాత గొంతు ఆ పొద్దున ఒక్కసారి అంత శుభ్రంగా పలికి పోయింది, మళ్ళీ నా నోట్లోకి రాలేదు. అది అక్కడికి ఎలా వెళ్ళిందో నాకు ఇప్పటికీ తెలియదు. నా కోపం దానికి కాదు. నా గొంతు చివరిసారి విన్నది సాయమ్మ. నేను వినలేదు.